పులికి 20 మీటర్లు, మరి పిట్ట గూటికి? అడవి ఫొటోల్లో దూరం లెక్క

2024 డిసెంబర్ 31న మహారాష్ట్రలోని ఉమ్రేడ్-పావని-కర్హాండ్లా అభయారణ్యంలో ఒక ఆడపులి తన ఐదు పిల్లలతో సఫారీ దారి మీదికి వచ్చింది. అటు కొన్ని వాహనాలు, ఇటు కొన్ని వాహనాలు ఆగిపోయాయి. తల్లీపిల్లలు మధ్యలో చిక్కుకున్నాయి. పర్యాటకులు ఫోన్లు, కెమెరాలు ఎత్తి పట్టుకున్నారు. ఆ వీడియోలు వాళ్లే సోషల్ మీడియాలో పెట్టుకోవడంతో విషయం బయటికొచ్చింది. అటవీశాఖ గైడ్లను, డ్రైవర్లను సస్పెండ్ చేసి జరిమానాలు వేసింది. బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2025 జనవరిలో ఈ ఘటనను సుమోటోగా విచారణకు తీసుకుంది.

అదే ఏడాది నవంబర్ 17న కార్బెట్ కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, టైగర్ రిజర్వ్‌ల కోర్ ప్రాంతంలోని పర్యాటక జోన్లలో మొబైల్ ఫోన్లు వాడనివ్వొద్దని చెప్పింది. రాత్రిపూట పర్యాటకాన్నీ నిషేధించింది. ‘కెమెరాకు లేని అభ్యంతరం ఫోన్‌కు ఎందుకు?’ అని చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అది. దానికి జవాబు వెతికితే, అడవిలో ఫొటో తీయడం అనే సరదా పని జంతువు మీద ఎలా పడుతుందో, చట్టం ఎక్కడ గీత గీసిందో, ఆ గీతను ఎవరు ఎందుకు దాటుతున్నారో తెలుస్తుంది.

చట్టం మాటల్లో ఫొటో, వేట

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లడం హక్కు కాదు. అనుమతి తీసుకోవాలి. ఏయే పనులకు అనుమతి ఇవ్వవచ్చో 28వ సెక్షన్ చెబుతుంది. అధ్యయనం, పరిశోధన, పర్యాటకంతో పాటు ఫొటోగ్రఫీ కూడా ఆ జాబితాలో మొదటి నుంచీ ఉంది. 2022లో చేసిన సవరణ దానికి ఒక షరతు తగిలించింది. ఆవాసాన్ని ఏ మాత్రం మార్చకుండా, ఆవాసానికి గానీ ప్రాణులకు గానీ చెడు జరగకుండా తీసే ఫొటోలకు, సినిమాలకు మాత్రమే అనుమతి. ఈ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చాలామంది ఫొటోగ్రాఫర్లకు ఈ షరతు సంగతే తెలియదు.

అంతకంటే తక్కువమందికి తెలిసిన విషయం మరొకటి ఉంది. ఇదే చట్టం ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా పెద్దది. తుపాకీతో కాల్చడం, ఉచ్చు వేయడం మాత్రమే వేట కాదు. ప్రాణిని తరమడం, ఎర వేయడం కూడా వేటే. పక్షులు, సరీసృపాల విషయంలో వాటి గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లను లేదా గూళ్లను కదిలించి ఇబ్బంది పెట్టినా అది వేట కిందికే వస్తుంది. అంటే, పిట్ట గూటికి అడ్డంగా ఉందని ఒక కొమ్మ విరిచి ఫొటో తీసిన మనిషి, తాను ప్రకృతి ప్రేమికుణ్ణని ఎంత నమ్మినా, చట్టం కళ్లకు వేటగాడి పక్కన నిలబడ్డట్టే. రక్షిత జాతుల విషయంలో ఇది జైలు శిక్ష దాకా వెళ్లే నేరం. ఆచరణలో ఇలాంటి కేసులు పెట్టడం అరుదు కాబట్టి ఈ సెక్షన్ భయం ఎవరికీ లేదు.

పులుల విషయంలో నియమాలు మరింత స్పష్టంగా ఉన్నాయి. 2012 జులైలో సుప్రీంకోర్టు టైగర్ రిజర్వ్‌ల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా ఆపేసింది. అక్టోబర్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీ చేశాక ఆ నిషేధం తొలగింది. ఏ ప్రాణికైనా 20 మీటర్లకు మించి దూరం పాటించాలని, చుట్టుముట్టడం, ఆశపెట్టి రప్పించడం, తిండి పెట్టడం కూడదని, రెండు వాహనాల మధ్య 50 మీటర్ల ఎడం ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉమ్రేడ్‌లో జరిగినదాన్ని ఈ నియమాల పక్కన పెట్టి చూస్తే కొత్త చట్టాల అవసరం పెద్దగా కనిపించదు. పుష్కరం కిందటి నియమాలు పాటిస్తే సరిపోయేది.

ఫోన్‌లో పులి ఎంత కనిపిస్తుంది?

20 మీటర్ల నియమం కాగితం మీద చిన్నదే. కానీ చేతిలో ఏముందో దాన్ని బట్టి అది ఓర్చుకోదగ్గ దూరమా కాదా అన్నది మారిపోతుంది. ఒక చిన్న లెక్క వేయవచ్చు.

మామూలు ఫోన్‌లో ప్రధాన లెన్స్, పాత ఫిల్మ్ కెమెరా కొలతల్లో చెప్పాలంటే, సుమారు 26 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. 20 మీటర్ల దూరంలో అది దాదాపు 28 మీటర్ల వెడల్పు దృశ్యాన్ని పట్టుకుంటుంది. తల నుంచి తోక మొదలు దాకా పులి పొడవు 1.8 మీటర్లు అనుకుంటే, ఫొటో వెడల్పులో పులి పదిహేనో వంతు ఉంటుంది. ఇంటికొచ్చి చూపిస్తే ‘పులి ఎక్కడ?’ అని అడుగుతారు. ఖరీదైన ఫోన్లలో ఉండే 5 రెట్ల జూమ్‌తో తీస్తే దృశ్యం 6 మీటర్లకు తగ్గుతుంది, పులి మూడో వంతు దాకా వస్తుంది. అదే 400 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్న కెమెరాతో 20 మీటర్ల నుంచి తీస్తే పక్కకు తిరిగిన పులి ఫ్రేమ్ నిండా ఉంటుంది.

అంటే మంచి టెలిఫొటో లెన్స్ ఉన్నవాడికి 20 మీటర్లు చాలా దగ్గర. ఫోన్ ఉన్నవాడికి అది చాలా దూరం. ‘ఇంకొంచెం ముందుకు పోనీ’ అని డ్రైవర్‌ను తొందరపెట్టే ఒత్తిడి ఫోన్ నుంచే ఎక్కువ వస్తుంది. పైగా ఫోన్ కేవలం కెమెరా కాదు. ఒక చోట పులి కనబడితే అరగంటలో పది జిప్సీలు అక్కడికి చేరడానికి కారణం డ్రైవర్లు, గైడ్ల మధ్య తిరిగే ఫోన్ కాల్స్, వాట్సాప్ మెసేజ్‌లే. సెల్ఫీ తీసుకోవాలంటే పులికి వీపు తిప్పాలి, వాహనం అంచు మీదికి ఒరగాలి. సుప్రీంకోర్టు ఉత్తర్వుకు ఇక్కడ అర్థం దొరుకుతుంది. అయినా ఇందులో ఒక అన్యాయం లేకపోలేదు. లక్షల రూపాయల లెన్స్ కొనగలిగినవాళ్లకే అడవి జ్ఞాపకం మిగులుతుంది, మిగతావాళ్లు ఉత్త చేతులతో రావాలి. దీనికి పరిష్కారం ఫోన్లను మళ్లీ రానివ్వడం కాదు గానీ, బైనాక్యులర్లు అద్దెకిచ్చే ఏర్పాటు ప్రతి సఫారీ గేటు దగ్గరా ఉంటే బాగుంటుంది. చూడటానికి వచ్చినవాళ్లకు చూపు అన్నా దక్కుతుంది.

పెద్ద లెన్స్ ఉన్నవాళ్లు అంతా బుద్ధిమంతులని కూడా కాదు. పులి పెద్ద జంతువు కాబట్టి 20 మీటర్లు సరిపోయాయి. 15 సెంటీమీటర్ల పిట్టను అదే దూరం నుంచి 600 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసినా ఫ్రేమ్‌లో ఎనిమిదో వంతే వస్తుంది. ఈకల వివరాలతో సహా రావాలంటే అయిదారు మీటర్ల దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గరికి మనిషిని రానిచ్చే పిట్ట ఉండదు. ఒక్క సందర్భంలో తప్ప. గూట్లో పిల్లలున్నప్పుడు.

గూడు ఎందుకు అంత తేలిక

గుడ్లు పొదుగుతున్న పిట్ట, పిల్లలకు తిండి తెచ్చే పిట్ట ఒకే చోటికి పదేపదే వస్తుంది. ఏ దిక్కు నుంచి వస్తుందో, ఏ కొమ్మ మీద ముందు వాలుతుందో గంటసేపు చూస్తే తెలిసిపోతుంది. మనిషి దగ్గర్లో ఉన్నా పిల్లల ఆకలి దాన్ని లాక్కొస్తుంది. ఫోకస్ ముందే పెట్టుకుని కూర్చోవచ్చు. నోట్లో పురుగు పట్టుకుని వాలిన తల్లి, నోళ్లు తెరిచిన పిల్లలు ఉన్న ఫొటోకు లైకులు బాగా వస్తాయి. అందుకే బెంగళూరు, హైదరాబాద్, పుణె లాంటి నగరాల శివార్లలో ఎక్కడైనా ఒక ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ గూడు కట్టిందని తెలిస్తే వారాంతానికి ట్రైపాడ్లు వరుస కడతాయి.

పిట్ట వైపు నుంచి చూస్తే జరిగేది ఇది. మనిషి దగ్గరికి రాగానే అది గూడు వదిలి దూరంగా కొమ్మ మీద కూర్చుంటుంది. ఆ సేపు గుడ్లకు వేడి ఉండదు, ఎండాకాలమైతే నీడ ఉండదు. మన దేశంలో చాలా పిట్టలు గూళ్లు పెట్టేది ఎండాకాలం నుంచి వానాకాలం దాకా. మే నెల మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే గుడ్డులోని పిండం గానీ, ఈకలు రాని పిల్ల గానీ ఎంతోసేపు బతకదు. గూడు సరిగ్గా కనబడాలని ముందున్న ఆకులు కోసేస్తే ఆ ఎండకు దారి మనమే తెరిచినట్టు. ఆకుల చాటున గూడు కట్టడానికి కారణమే అది.

ఇంకో ప్రమాదం కాకులు. మనుషులు గుమిగూడిన చోట ఏదో ఉందని కాకులకు తెలుసు. ఫొటోలు తీసినవాళ్లు సాయంత్రం ఇళ్లకు వెళ్లిపోతారు. తెల్లారేసరికి గూడు ఖాళీ. నేల మీద మనిషి వాసన, తొక్కిన గడ్డి దారి ముంగిసలకు, పిల్లులకు గుర్తులవుతాయి. ఫొటోగ్రాఫర్‌కు ఈ చావు ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే అతను మళ్లీ వచ్చి చూడడు. ‘మేము తీస్తున్నంతసేపూ తల్లి మామూలుగానే వచ్చి వెళ్లింది’ అని అతను చెప్పే మాటలో అబద్ధం లేదు. నష్టం అతను వెళ్లాక జరిగింది.

ఈ కారణాల వల్లే దేశంలో చాలా ప్రకృతి పత్రికలు, పోటీలు గూళ్ల ఫొటోలు తీసుకోవడం మానేశాయి. ఫేస్‌బుక్ గ్రూపుల్లో కూడా చాలావాటిలో గూటి ఫొటో పెడితే తొలగిస్తారు. అయితే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. వందలాది కొంగలు, పెలికాన్లు ఊరి చెట్ల మీద గూళ్లు పెట్టే చోట, దూరంగా కట్టిన వాచ్‌టవర్ నుంచి తీసే ఫొటోకూ, పొదలో దాచుకున్న ఒంటరి గూటికీ పోలిక లేదు. మొదటి దాంట్లో పక్షులు మనుషులకు అలవాటుపడి ఉన్నాయి, దూరం కూడా ఉంది. గూడు ఫొటో అనగానే అన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

పిలుపు, ఎర, ఫ్లాష్

గూడు లేని కాలంలో పిట్టను దగ్గరికి రప్పించడానికి ఇంకో దారి ఉంది. దాని జాతి కూతను ఫోన్‌లో, చిన్న స్పీకర్‌లో వినిపించడం. తన ప్రాంతంలోకి మరో మగపిట్ట చొరబడిందనుకుని అక్కడి పిట్ట కోపంగా బయటికొస్తుంది. పొదలన్నీ వెతుకుతుంది, కూస్తుంది, రెక్కలు విప్పుతుంది. ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. లేని శత్రువు కోసం అది ఖర్చుపెట్టిన శక్తి, ఆ సేపు వదిలేసిన తిండి, గూడు ఎవరి లెక్కలోకీ రావు. ఒక మనిషి ఒకసారి చేస్తే పెద్ద నష్టం లేకపోవచ్చు. పేరున్న బర్డింగ్ ప్రదేశంలో అదే గుడ్లగూబకు సీజన్ పొడుగునా రోజూ మూడు బృందాలు వినిపిస్తే సంగతి వేరు.

ఎర విషయం ఇంత నలుపూ తెలుపూ కాదు. ఉత్తరాఖండ్‌లోని సాత్తాల్, కర్ణాటకలోని గణేశ్‌గుడి, కేరళలోని తట్టేకాడ్ లాంటి చోట్ల స్థానికులు నీటి తొట్లు పెట్టి, ఎదురుగా గుడ్డతో చాటు కట్టి, ఫొటోగ్రాఫర్లను కూర్చోబెడుతున్నారు. మనిషి కనబడడు, కదలడు. పిట్ట తన ఇష్టానికి వచ్చి నీళ్లు తాగి పోతుంది. ఊళ్లోవాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి, అడవి మీద ఆసక్తి పెరుగుతుంది. అడవిలో పిట్ట వెంట పరిగెత్తడం కంటే ఇది నయం. కానీ నీళ్లతో ఆగకుండా పురుగులు, గింజలు రోజూ వేయడం మొదలైతే, ఒకే చోట గుమిగూడిన పక్షులకు రోగాలు అంటుకుంటాయి, డేగలు కూడా ఆ సమయానికి హాజరవుతాయి. గుడ్లగూబల కోసం బతికున్న ఎలుకను కాలికి దారం కట్టి వదిలే పని మాత్రం ఏ రకంగానూ సమర్థించలేనిది.

కప్పలు, పాముల ఫొటోలకు పశ్చిమ కనుమల్లో వానాకాలం గిరాకీ ఎక్కువ. కప్ప చర్మం గుండా కూడా ఊపిరి పీల్చుకుంటుంది. దోమల మందు రాసుకున్న చేత్తో దాన్ని ఎత్తి అందమైన ఆకు మీద కూర్చోబెడితే ఆ మందు నేరుగా దాని ఒంట్లోకి పోతుంది. ఇంటర్నెట్‌లో కప్ప మీద నత్త, నత్త మీద గొల్లభామ కూర్చున్న ముచ్చటైన ఫొటోలు కనబడితే అనుమానించాలి. అడవిలో అలా జరగదు. రాత్రి తిరిగే దేవాంగ పిల్లి కళ్లు చీకటికి తయారైనవి. వరుసగా ఫ్లాష్‌లు కొడితే అది కొమ్మ మీద పట్టు కోసం తడుముకునే స్థితికి వస్తుంది.

పోటీల బహుమతులు ఈ తొందరను పెంచాయనడానికి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ పోటీలోనే రెండు ఉదాహరణలున్నాయి. 2009లో గేటు దూకుతున్న తోడేలు ఫొటోకు మొదటి బహుమతి వచ్చింది. అది శిక్షణ ఇచ్చిన పెంపుడు తోడేలు అయి ఉండొచ్చని తేల్చి 2010లో వెనక్కి తీసుకున్నారు. 2017లో ఒక విభాగంలో గెలిచిన చీమలతిండి జంతువు ఫొటోలో ఉన్నది గడ్డి కూరిన బొమ్మ జంతువని 2018లో నిర్ధారించి రద్దు చేశారు.

మనిషి లేకుండా తీసిన ఫొటోలు

భారత అడవుల్లో పులిని పట్టుకున్న తొలి మంచి ఫొటోలు మనిషి దగ్గరికి వెళ్లి తీసినవి కావు. అప్పటి సంయుక్త రాష్ట్రాల్లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో, అటవీ అధికారిగా పనిచేసిన ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ 1920లలో జంతువుల దారికి అడ్డంగా సన్నటి తీగ కట్టి, దానికి కెమెరాను, ఫ్లాష్‌ను తగిలించాడు. పులి కాలు తగలగానే అదే తన ఫొటో తీసుకునేది. 1925లో ఆ ఫొటోలు లండన్ పత్రికలో అచ్చయ్యాయి, 1927లో పుస్తకం వచ్చింది. తుపాకీ పట్టడమే గొప్పగా ఉన్న కాలంలో కెమెరా పట్టమని ఆయన చెప్పాడు. జిమ్ కార్బెట్ కెమెరా వైపు తిరగడంలో ఛాంపియన్ ప్రభావం ఉంది. మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ ఏనుగు మీద కూర్చుని, నలుపు తెలుపుల్లో తీసిన ఫొటోలు ఆ తర్వాతి తరానికి పాఠాలయ్యాయి.

ఏ పులి చారలు ఆ పులివే అని ఛాంపియన్ ఫొటోల్లోనే తేలింది. 1990ల మొదట్లో నాగరహోళెలో ఉల్లాస్ కారంత్ అదే ఆధారంగా, ఆటోమేటిక్ కెమెరాలతో పులులను లెక్కపెట్టే పద్ధతిని నిలబెట్టారు. అంతవరకు ప్రభుత్వాలు పాదముద్రల మీద ఆధారపడేవి. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులుండి అడవిలో ఒక్కటీ లేదని బయటపడ్డాక పాత పద్ధతి పోయింది. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరా ట్రాప్‌లు పెట్టారు. వచ్చిన ఫొటోలు 3.48 కోట్లు. అందులో పులులున్నవి 76,651 మాత్రమే, చిరుతలున్నవి 51,777. దేశంలో పులుల సంఖ్య గురించి పత్రికల్లో చదివే ప్రతి అంకె వెనక ఇలా ఎవరూ చూడని, ఎవరూ లైక్ కొట్టని కోట్ల ఫొటోలున్నాయి.

తిట్లు తినేది ఎవరు?

ఉమ్రేడ్‌లో చర్య ముందుగా పడింది గైడ్లు, డ్రైవర్ల మీద. నియమం తెలిసినవాళ్లు వాళ్లే కాబట్టి అది తప్పని చెప్పలేం. కానీ గైడ్ ఆదాయంలో టిప్ ఎంత ముఖ్యమో సఫారీకి వెళ్లినవాళ్లకు తెలుసు. పులిని దగ్గరగా చూపించినవాడికి టిప్ ఎక్కువ, ‘ఇక్కడితో ఆపుదాం సార్’ అన్నవాడికి ముఖం మాడుతుంది. వేల రూపాయలు పెట్టి జిప్సీ తీసుకున్నవాడు పులి కనబడలేదంటే డబ్బు వృథా అనుకుంటాడు. ఫొటో టూర్లు నడిపేవాళ్లు ప్రకటనల్లోనే పులులను పేర్లతో, నంబర్లతో చూపించి ఆశ పెంచుతారు. రణథంబోర్‌లో 2016లో చనిపోయిన మఛ్‌లీ అనే ఆడపులికి ఉన్నంత మంది అభిమానులు కొందరు సినిమా నటులకు కూడా లేరు. ఆ అభిమానం అడవికి డబ్బు తెచ్చింది, ఒకే పులి చుట్టూ వాహనాలనూ తెచ్చింది. నియమం తప్పిన వాహనంలో కూర్చున్న పర్యాటకుడి బుకింగ్ గుర్తింపు కార్డుతోనే జరుగుతుంది. అతన్ని కొన్నేళ్లపాటు మళ్లీ రానివ్వకపోవడం కష్టమైన పనేం కాదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ లద్దాఖ్‌లో ఉంది. హెమిస్ నేషనల్ పార్క్ పరిసర గ్రామాల్లో మంచు చిరుతలు గొర్రెలను, మేకలను ఎత్తుకుపోయేవి. జనానికి వాటి మీద పగ ఉండేది. చిరుతను చూడటానికి, ఫొటో తీయడానికి వచ్చేవాళ్లకు ఇళ్లలోనే బస ఇచ్చే హోమ్‌స్టేలు మొదలయ్యాక పరిస్థితి మారింది. అక్కడ ఫొటోలు తీసేది ఎక్కువగా ఎదుటి కొండ మీద నుంచి, వందల మీటర్ల దూరంలో. ఫొటోలో చిరుత చిన్నగా, కొండ పెద్దగా ఉంటుంది. ఆ ఫొటోలే అందంగా ఉంటాయని చాలామంది ఒప్పుకుంటారు.

మసక నేపథ్యంలో పోయేది

ఆ మాట కొంచెం సాగదీయాల్సిందే. ఖరీదైన లెన్స్‌తో తీసిన పిట్ట ఫొటోలో పిట్ట ఒక్కటే స్ఫుటంగా ఉండి, వెనకంతా మెత్తని ఆకుపచ్చ రంగులా కరిగిపోతుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ పిట్ట గడ్డి మైదానంలో ఉందా, చెత్తకుప్ప పక్కన ఉందా, వెనక విద్యుత్ తీగలున్నాయా అన్నది తెలియదు. ఇలాంటి వేల ఫొటోలు చూసిన మనకు జాతుల పేర్లు తెలుస్తాయి, వాటి ఆవాసాలు తెలియవు.

బట్టమేక పిట్ట సంగతి చూడండి. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డి మైదానాలు ఒకప్పుడు దీనికి పేరు పొందాయి. దానికోసమే అభయారణ్యం ప్రకటించారు. ఇప్పుడు దేశంలో మిగిలిన కొద్దిపాటి పక్షుల్లో అత్యధికం రాజస్థాన్ ఎడారి జిల్లాల్లో ఉన్నాయి. ఎగురుతూ విద్యుత్ తీగలకు గుద్దుకుని చనిపోవడం వాటికి పెద్ద ముప్పు. 2021లో సుప్రీంకోర్టు తీగలను భూగర్భంలో వేయమని ఆదేశించి, 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది. ఈ వ్యవహారాన్ని ప్రజలకు అర్థమయ్యేలా చెప్పింది అందమైన బట్టమేక ముఖచిత్రాలు కాదు. తీగల కింద పడివున్న పక్షి, వెనక గాలిమరల వరుస కనబడే ఫొటోలు. గడ్డినేలలు, ముళ్ల పొదల నేలలు ప్రభుత్వ లెక్కల్లో చాలాచోట్ల ‘బంజరు’ కింద నమోదైవున్నాయి. ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు కూడా కొండలు, జలపాతాలు, మంచు వెంటే పోతారు, వీటి వైపు కెమెరా తిప్పరు.

నలుగురికీ కనబడకుండా జరిగేదాన్ని చూపించడంలో ఫొటోకు ఉన్న బలానికి నాగాలాండ్ సాక్ష్యం. 2012 అక్టోబర్‌లో వోఖా జిల్లా దోయాంగ్ జలాశయం దగ్గర వలల్లో వేలాదిగా చిక్కిన అముర్ డేగల ఫొటోలు, వీడియో బయటికొచ్చాయి. సైబీరియా, చైనా వైపు నుంచి ఆఫ్రికాకు పోతూ అక్కడ ఆగే పక్షులవి. దేశవిదేశాల్లో గగ్గోలు పుట్టింది. పాంగ్‌తీ తదితర గ్రామాల పెద్దలు, చర్చిలు, ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి కూర్చున్నాయి. మరుసటి ఏడాదికే ఆ వేట ఆగిపోయింది. ఉపగ్రహ పరికరం కట్టి వదిలిన ఒక డేగకు ఆ ఊరి పేరే పెట్టారు. 2017లో ‘శాంక్చువరీ’ అవార్డు పొందిన బిప్లవ్ హజ్రా ఫొటో కూడా ఇలాంటిదే. పశ్చిమ బెంగాల్‌లో జనం విసిరిన నిప్పు నుంచి పారిపోతున్న ఏనుగు, దాని గున్న అందులో ఉన్నాయి. గోడకు తగిలించుకునే ఫొటో కాదు అది.

ఎక్కడ తీశారో చెప్పాలా?

ఫోన్‌తో తీసిన ప్రతి ఫొటోలో, సెట్టింగ్ మార్చకపోతే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉంటుంది. అసలు ఫైల్‌ను ఎవరికైనా పంపితే ఆ చిరునామా కూడా వెళ్లిపోతుంది. నక్షత్ర తాబేళ్లు, దేవాంగ పిల్లులు, గుడ్లగూబల అక్రమ వ్యాపారం చేసేవాళ్లకు ఇంతకంటే సులువైన దారి ఉండదు. పక్షుల పరిశీలనలు నమోదు చేసే ఈబర్డ్ కొన్ని సున్నితమైన జాతుల వివరాలను బహిరంగంగా చూపించదు. ఐనాచురలిస్ట్ ముప్పులో ఉన్న జాతుల కచ్చితమైన చోటును మసకబరుస్తుంది. శాస్త్రవేత్తలకు సమాచారం అందుతుంది, దొంగకు అందదు. మామూలు సోషల్ మీడియాలో పెట్టేటప్పుడు జిల్లా పేరుతో ఆపేయడం, వారం పది రోజులు ఆగి పెట్టడం ఎవరైనా చేయగలిగినవి.

దృశ్యాల విషయంలో నష్టం ఇంకో రకం. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారుజామున మేఘాల సముద్రం కనిపిస్తుందని కొన్నేళ్ల కిందట చుట్టుపక్కల వాళ్లకే తెలుసు. ఫొటోలు వ్యాపించాక శీతాకాలపు వారాంతాల్లో కార్లు బారులు తీరుతున్నాయి, ప్లాస్టిక్ సీసాలు మిగులుతున్నాయి. ఆదివాసీ కుటుంబాలకు టీ, భోజనాల వ్యాపారం కూడా దొరికింది కాబట్టి ఎవరూ రావద్దనడం పరిష్కారం కాదు. అందరూ ఒకే కొండ మీద, ఒకే మూల నుంచి, ఒకే ఫొటో తీయాలనుకోవడం దగ్గర చిక్కుంది. తూర్పు కనుమల్లో తెల్లవారే కొండ అదొక్కటే కాదు.

మన అడవుల్లో

విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్. కృష్ణకు అవతల అమ్రాబాద్. ఈ నల్లమలలో రణథంబోర్‌లా పులి రోడ్డు మీద కనబడదు. బైర్లూటి, తుమ్మలబైలు, ఫర్హాబాద్ వైపు వెళ్లినవాళ్లు చాలామంది పులిని చూడకుండానే వస్తారు. ఫొటోగ్రాఫర్లకు ఇది నిరాశే గానీ, పులికి మాత్రం మేలు. ఇక్కడ దారి తెలిసినవాళ్లు చెంచులు. ఏ జాడ ఎప్పటిదో చెప్పగలిగే ఒక చెంచు ట్రాకర్‌తో నాలుగు గంటలు తిరిగితే పులి లేకపోయినా తీయడానికి ఎంతో ఉంటుంది. పర్యాటకానికి వచ్చే డబ్బులో వాళ్ల వాటా ఎంతన్నదే అడగాల్సిన ప్రశ్న.

కడప జిల్లా లంకమలలో 1986లో మళ్లీ కనబడిన కలివి కోడి కథలో దూరం లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. దాదాపు ఎనభై ఐదేళ్లు ఎవరికీ కనబడని ఈ రాత్రి పక్షి ఐతన్న అనే స్థానికుడి చేతికి చిక్కింది. పట్టుకున్న ఆ పక్షి ఎన్నాళ్లో బతకలేదు. తర్వాతి పరిశోధకులు దాన్ని ముట్టుకోకుండా, నేల మీద సన్నటి మట్టి పరిచి పాదముద్రలు చూడటం, కెమెరా ట్రాప్‌లు పెట్టడం నేర్చుకున్నారు. ఇంత అరుదైన పక్షి కోసం స్పీకర్లు పట్టుకుని ముళ్లపొదల్లో రాత్రిళ్లు తిరిగే ఔత్సాహికులు వస్తే దానికి మిగిలిన కొద్దిపాటి నేల కూడా ప్రశాంతంగా ఉండదు.

కెమెరా కొన్న కొత్తలో ఎక్కడికి వెళ్లాలని అడిగేవాళ్లకు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, పులికాట్ పక్కన నేలపట్టు మంచి చోట్లు. పెలికాన్లు, రంగు కొంగలు పెద్ద సంఖ్యలో ఉంటాయి. తేలినీలాపురంలో పక్షులు వస్తే ఊరికి మంచిదని నమ్మి జనమే కాపాడుకుంటున్నారు. 300 మిల్లీమీటర్ల మామూలు లెన్స్ చాలు. పొద్దున ఏడింటికి ముందే చేరితే వెలుతురు పక్క నుంచి పడుతుంది, తెల్లటి ఈకలు మరీ తెల్లబోకుండా ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించుకోవాలి, ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో రెండు వేలో వంతు దాకా పెంచుకోవాలి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయాలి. అది పైకి లేచిందంటే పొదుగుతున్న పక్షులన్నీ ఒక్కసారిగా లేస్తాయి, ఆ గందరగోళంలో గుడ్లు కింద పడతాయి.